మైదానంలో ఎవరి వయసెంత?

ఎడమ అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టాలి. వేళ్లు కాస్త ఎడంగా ఉంచాలి. కదలకూడదు. ఎక్స్‌రే క్షణాల్లో అయిపోతుంది. ముంజేతి ఎముకల చివర్లు, వేళ్ల ఎముకలు ఎంతవరకు ఎదిగాయో, వాటి మధ్య ఎదుగుదల పొరలు ఎక్కడ పూడుకుపోతున్నాయో ఆ ఫిల్ములో చూసి డాక్టరు ఒక అంకె వేస్తారు. స్కూల్ రికార్డులో కుర్రాడి వయసు ఎంతైనా ఉండనీ, అండర్-16 జట్టులో అతనికి చోటుందో లేదో తేల్చేది ఆ అంకే. వైద్యులు దీన్ని టానర్-వైట్‌హౌస్ పద్ధతి అంటారు. క్రికెట్ సంఘాల కాగితాల్లో ఇది టీడబ్ల్యూ-3. గ్రౌండు పక్కన బండి మీద కూర్చుని నెట్స్ అయ్యేదాకా ఎదురుచూసే నాన్నల నోట్లో మాత్రం ‘బోన్ టెస్టు’.

భారత క్రికెట్ బోర్డు ఈ పరీక్షను 2012లో తెచ్చింది. పిల్లల పుట్టిన తేదీ తెలుసుకోవడానికి ఎముకలను అడగాల్సి వచ్చిందంటే కాగితాల మీద నమ్మకం ఏ స్థాయిలో పోయిందో అర్థమవుతుంది. ఆ కాగితాలు రాసింది పిల్లలు కాదు. బడి ఆటల్లో న్యాయం, క్రమశిక్షణ, తోటివాళ్ల ఒత్తిడి అంటూ ఎక్కడ మాట మొదలైనా వేలు ముందు పిల్లల వైపే చూపిస్తుంది. కుర్రకారు చెడిపోయిందంటాం, ఫోన్లంటాం, స్నేహాలంటాం. గట్టు మీద నిలబడిన పెద్దల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

పిల్లలకు అండగా నిలిచిన పెద్దలూ ఉన్నారు. సికింద్రాబాద్‌లో ఆటల చరిత్ర తెలియాలంటే రైలు పట్టాల వెంట నడవాలి. లాలాగూడ వర్క్‌షాపు, మౌలాలి లోకో షెడ్డు, మల్కాజ్‌గిరి జంక్షన్ చుట్టూ పెరిగిన కాలనీల్లో రైల్వే ఉద్యోగం, ఆట రెండూ ఒకే ఇంట్లో కాపురం చేశాయి. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టు సభ్యుడు పి.వి. రమణ రైల్వే మనిషే. ఆయన భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణి, రైల్వే ఉద్యోగి. వాళ్లమ్మాయి పి.వి. సింధు తొలి పాఠాలు నేర్చుకున్నది మల్కాజ్‌గిరికి కూతవేటు దూరంలో ఉన్న రైల్వే సిగ్నల్, టెలికం శిక్షణ సంస్థ ఇరిసెట్ కోర్టుల్లో, మెహబూబ్ అలీ దగ్గర. మిథాలీ రాజ్ సెయింట్ జాన్స్ శిబిరంలో బ్యాట్ పట్టి, కీస్ బాలికల హైస్కూల్లో సంపత్ కుమార్ శిక్షణలో రాటుదేలింది. భద్రాచలం నుంచి కుటుంబంతో సహా వచ్చిన గొంగడి త్రిష కూడా సెయింట్ జాన్స్ అకాడమీలోనే ఎదిగింది. 2025 అండర్-19 ప్రపంచకప్‌లో ఆమె 309 పరుగులు చేసి, 7 వికెట్లు తీసి ‘ప్లేయర్ ఆఫ్ ద టోర్నీ’ అయింది.

ఇక హకీంపేట. మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనే ఉన్న ఆ స్పోర్ట్స్ స్కూల్ 1993లో మొదలైంది. నాలుగో తరగతిలో చేర్చుకునేటప్పుడు అక్కడ లెక్కలు, ఇంగ్లిష్ పరీక్ష పెట్టరు. పిల్లల ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్లు, 800 మీటర్లు పరుగెత్తిస్తారు. షటిల్ రన్ పెడతారు. నిలబడిన చోటు నుంచి ముందుకీ పైకీ దూకిస్తారు. మెడిసిన్ బాల్ విసిరిస్తారు, వెన్ను ఎంత వంగుతుందో చూస్తారు. తొమ్మిదేళ్ల పిల్లతో పదకొండేళ్ల పిల్లను కలిపి ఈ పరీక్షలన్నీ పెడితే ఎవరు గెలుస్తారో చెప్పడానికి కోచ్ అక్కర్లేదు. అందుకే అక్కడ పుట్టిన తేదీ మామూలు వివరం కాదు, పోటీలో సగం అదే.

పుట్టిన తేదీలతో తెలుగువాళ్లకు పాత చుట్టరికం ఉంది. ఏ ఆఫీసులోనైనా యాభై దాటినవాళ్ల సర్వీసు రిజిస్టర్లు తిరగేస్తే జూన్, జులై నెలల్లో పుట్టినవాళ్లు విపరీతంగా కనిపిస్తారు. ఆ రోజుల్లో హెడ్మాస్టారు పిల్లాడి చెయ్యి తల మీదుగా చెవి అందుతోందా అని చూసి, బడి తెరిచే నెలకు అయిదేళ్లు నిండేలా ఒక తేదీ రాసేసేవారు. అప్పట్లో దానివల్ల ఎవరికీ నష్టం లేదు, రిటైర్మెంటప్పుడు రెండేళ్ల జీతం కలిసొచ్చేది. ఆ పాత అలవాటే అండర్-14 పోటీలకు వచ్చేసరికి మోసంగా మారింది.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పోటీలు అండర్-14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. మండలం, జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ స్థాయికి వెళ్లిన సర్టిఫికెట్ చేతిలో ఉంటే తర్వాత చాలా తలుపులు తెరుచుకుంటాయి. ఇంజినీరింగ్ సీట్లలో స్పోర్ట్స్ కోటా అర శాతమే. ఆ అర శాతంలో ఒక సీటు మధ్యతరగతి ఇంటికి లక్షల మాట. పైన రైల్వేలు, పోలీసు, బ్యాంకుల్లో ఆటగాళ్ల నియామకాలుంటాయి. పద్నాలుగేళ్ల గుంపులో పదహారేళ్లవాడిని దించితే ఆ సర్టిఫికెట్ సులువుగా వస్తుంది. ఆ రెండేళ్లలో గొంతు మారుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, బంతి వేగం ఒక్కసారిగా పెరుగుతుంది.

రెండేళ్ల దాకా పోనక్కర్లేదు, కొన్ని నెలల తేడాకే ఆట మారుతుంది. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ 1980ల్లో ఐస్ హాకీ జూనియర్ జట్ల జాబితాలు చూస్తే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా తేలారు. అక్కడ వయసు లెక్కకు గడువు జనవరి 1. ఆ తేదీకి దగ్గర్లో పుట్టినవాళ్లు ఏడాది పొడవునా జట్టులో పెద్దవాళ్లు. పెద్దవాళ్లు కాబట్టి ఎంపికయ్యారు, ఎంపికయ్యారు కాబట్టి మంచి శిక్షణ దొరికింది, దాంతో నిజంగానే మెరుగయ్యారు. ఎవరూ మోసం చేయనిచోటే ఇంత తేడా వస్తే, కావాలని రెండేళ్లు దిద్దినచోట నిజం చెప్పిన పిల్లాడి గతేమిటి? వాడు ఓడిపోడు. అసలు ఎంపికే కాడు. తన ఆట బాగాలేదనుకుని పదో తరగతికి కిట్ అటక మీద పెట్టేస్తాడు. వాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు కాబట్టి నష్టం ఎంతో ఎవరూ లెక్కగట్టలేరు.

రాహుల్ ద్రావిడ్ 2015 డిసెంబరులో ఢిల్లీలో పటౌడీ స్మారక ప్రసంగం చేస్తూ ఈ గాయం మీదే వేలు పెట్టాడు. తల్లిదండ్రులు, కోచ్ కలిసి దొంగ సర్టిఫికెట్ పుట్టిస్తుంటే చూస్తూ పెరిగిన కుర్రాడు అబద్ధం నేర్చుకునేది వాళ్ల దగ్గరే కదా అన్నాడు. పద్నాలుగేళ్లకు వయసు విషయంలో మొదలైంది పాతికేళ్లకు ఫిక్సింగ్ దాకా పోవచ్చని హెచ్చరించాడు. అప్పటికి అతను అండర్-19 కుర్రాళ్లకు కోచ్. దాచాల్సిన మాట కాదని తెలిసే అన్నాడు.

కేంద్ర క్రీడా శాఖ వయసు మోసాలపై జాతీయ నియమావళిని 2010లో తెచ్చింది. దాన్ని సవరించే ముసాయిదా రావడానికి 2025 దాకా పట్టింది. ఈలోపు 2020లో క్రికెట్ బోర్డు ఒక దారి చూపించింది. సెప్టెంబరు 15 లోపు తప్పుడు తేదీ ఇచ్చామని తమంతట తాము ఒప్పుకున్నవాళ్లపై చర్య ఉండదు, దాచి దొరికితే రెండేళ్ల నిషేధం. ఆలోచన మంచిదే. అయితే ఒప్పుకోలు అడిగింది ఆటగాళ్లను. తేదీ దిద్దిన పెద్దవాళ్లను అడిగే ఫారం ఏదీ అందులో లేదు.

అందరికీ తెలిసిన రహస్యం

వయసు మోసంలో విచిత్రం ఏమిటంటే, అది తెలియనివాళ్లు జట్టులో ఉండరు. వికెట్ కీపర్‌కు తెలుసు, పన్నెండో ఆటగాడికి తెలుసు, అవతలి జట్టుకూ తెలుసు. గడ్డం గీసుకుని అండర్-14 ఆడటానికి వచ్చినవాడిని ‘అన్న’ అనే పిలుస్తారు. కానీ నోరు విప్పరు. విప్పితే జట్టు ఓడుతుంది, సార్ కోప్పడతారు, రేపటి నుంచి ప్రాక్టీసులో ఎవరూ బంతి వేయరు. తోటివాళ్ల ఒత్తిడి అనగానే సిగరెట్టు, బీరు గుర్తొస్తాయి మనకు. మైదానంలో అన్నిటికన్నా బలమైన ఒత్తిడి నోరు మూసుకోమనేదే.

ఆ మౌనం ఎంతదూరం పోతుందో 2023 సెప్టెంబరులో ఢిల్లీ నెహ్రూ స్టేడియంలో దేశమంతా చూసింది. రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల సమయంలో అక్కడి మరుగుదొడ్డిలో పడి ఉన్న సిరంజీల వీడియో బయటికొచ్చింది. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) అధికారులు పరీక్షలకు వచ్చారు. ఆ రోజు పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఎనిమిది మంది పరుగెత్తాలి. గీత దగ్గర నిలబడింది ఒక్కడే. మిగతావాళ్లకు ఉన్నట్టుండి కండరాలు పట్టేశాయి. జూనియర్ స్టీపుల్‌చేజ్‌లో ఒక అమ్మాయి ముగింపు గీత దాటినా ఆగకుండా పరుగెడుతూనే ఉంటే, పరీక్షాధికారి వెనకాలే పరుగెత్తాల్సి వచ్చిందని పత్రికలు రాశాయి. నవ్వొచ్చే దృశ్యమే. కానీ జూనియర్ విభాగంలో ఉన్న పిల్లలకు అలాంటి మందు ఎవరిస్తారు, ఎవరు కొంటారు, తీసుకుంటే ఏమవుతుందో వాళ్లకు ఎవరైనా చెబుతారా?

తోటివాళ్ల ఒత్తిడికి ఇంకో ముఖం వెక్కిరింత. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. ఊళ్లో పిల్లలు ఆమెను పిచ్చిదని, కోతి అని పిలిచేవాళ్లని తల్లిదండ్రులు తర్వాత చెప్పుకున్నారు. ఆ వెక్కిరింతల మధ్య ఆమె పరుగును గమనించింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ కంట పడి హైదరాబాద్ చేరింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లు పోటీపడే టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఒక పీఈటీ సరైన సమయంలో సరైన పిల్లను చూడటం ఎంత పెద్ద సంగతో ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అలాంటి పీఈటీని పరీక్షల ముందు ఇన్విజిలేషన్‌కు, మిగతా రోజుల్లో ఊరేగింపుల వరసలు సర్దడానికి వాడుకునే బడులు మనకు కొత్త కాదు.

బెత్తమా, గడియారమా

క్రమశిక్షణ అనే మాటకు మన బడుల్లో చాలాకాలం ఒకటే అర్థం, డ్రిల్లు మాస్టారి చేతిలోని బెత్తం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో కొట్టడాన్ని 2002లోనే నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నేరుగా వద్దంది. ఆ చట్టం షెడ్యూలులోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని కూడా రాసి ఉంది. ఓటర్ల సంఖ్యలో దేశంలోనే పెద్ద లోక్‌సభ నియోజకవర్గమైన మల్కాజ్‌గిరిలో అపార్టుమెంటుల్లాంటి భవనాల్లో నడిచే బడుల ముందు నిలబడి ఆ వాక్యం చదివితే, చట్టం ఎవరిని క్రమశిక్షణలో పెట్టిందో అర్థం కాదు. సెల్లార్లో క్యారమ్స్ బోర్డు వేసి గేమ్స్ పీరియడ్ అయిందనిపించే యాజమాన్యంతో గోడకుర్చీ వేయించేవాళ్లెవరు?

అయినా కఠినంగా ఉండటం తప్పా? ఈ ప్రశ్నకు ఏకవాక్య జవాబు లేదు. రియో ఒలింపిక్స్‌కు ముందు సింధు కోర్టులో మరీ మెత్తగా ఉంటోందని ఆమె కోచ్ గోపీచంద్ ఒక పని చేశాడు. అకాడమీలో ఆటగాళ్లందరినీ చుట్టూ నిలబెట్టి, కోర్టు మధ్యలో ఆమెను గట్టిగా అరవమన్నాడు. అరవకపోతే రాకెట్ ముట్టుకోవద్దన్నాడు. ఆమె ఏడ్చింది. ఆ తర్వాత అరిచింది కూడా, రియోలో వెండి పతకం దాకా ఆ కేకలు టీవీల్లో అందరూ విన్నారు. పోటీలకు ముందు ఆమె ఫోన్ కూడా ఆయన మూడు నెలలు తీసుకున్నాడు. ఈ కథను మన కోచ్‌లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవచ్చు. కానీ అప్పటికి సింధుకు ఇరవయ్యేళ్లు దాటాయి, రెండు ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యాలు ఇంట్లో ఉన్నాయి, గురువు మీద ఏళ్లనాటి నమ్మకం ఉంది. అదే పనిని ఎనిమిదో తరగతి పిల్ల మీద క్లాసు మొత్తం ముందు చేస్తే దాన్ని శిక్షణ అనలేం, పరువు తీయడం అనాలి.

సింధు దగ్గర అరువు తెచ్చుకోవాల్సిన క్రమశిక్షణ వేరే ఉంది. చిన్నప్పుడు సికింద్రాబాద్ వైపు నుంచి గచ్చిబౌలి అకాడమీకి రోజూ రానూపోనూ 56 కిలోమీటర్లు తిరిగినా వేళ తప్పేది కాదని పత్రికలు రాశాయి. అక్కడ కనిపించేది బెత్తం కాదు, గడియారం. ఆ గడియారం పిల్లది ఒక్కదానిదే కాదు, తెల్లవారకముందే లేచిన తండ్రిది కూడా. కీస్ హైస్కూల్ అమ్మాయిల కోసం సంపత్ కుమార్ పెట్టుకున్న లెక్క కూడా అలాంటిదే. ఆయన 1997లో రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆయన తీర్చిదిద్దిన మిథాలీ 1999 జూన్ 26న ఐర్లాండ్ మీద తొలి వన్డేలోనే 114 నాటౌట్ కొట్టింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు.

న్యాయం విషయంలో పెద్దలు చేతులెత్తేసినప్పుడు ఏమవుతుందో చెప్పే మ్యాచ్ ఒకటుంది. 2016 జనవరిలో ముంబయి దగ్గర కల్యాణ్‌లో భండారీ కప్ అండర్-16 పోటీ. ప్రణవ్ ధనావడే ఒక్కడే 1009 నాటౌట్ కొట్టాడు. జట్టు 3 వికెట్లకు 1465 దగ్గర డిక్లేర్ చేసింది. దేశమంతా చప్పట్లు. ఆ రోజు అవతలి బడి నుంచి దిగింది ఎవరన్నది తర్వాత తెలిసింది. పెద్ద క్లాసుల పిల్లల్ని చదువు పేరుతో పంపకపోవడంతో, పన్నెండేళ్లలోపు వాళ్లతో జట్టు నింపారు. చాలామందికి తోలు బంతితో ఆడిన అలవాటే లేదు. ఆ జట్టు రెండు ఇన్నింగ్స్‌లలో చేసిన పరుగులు 31, 52. ఏ నియమమూ తప్పలేదు, ఏ సర్టిఫికెట్టూ దొంగది కాదు. ఆపండి అనాల్సిన పెద్దమనిషి మాత్రం గ్రౌండులో ఒక్కడూ లేకపోయాడు. మోయలేని కీర్తి ప్రణవ్‌కూ మేలు చేయలేదు. ముంబయి క్రికెట్ సంఘం ఇచ్చిన నెలకు 10,000 రూపాయల ఉపకార వేతనాన్ని మరుసటి ఏడాది అతను వదులుకున్నాడు.

దీని పక్కన 1988 ఫిబ్రవరి నాటి హారిస్ షీల్డ్ మ్యాచ్ పెట్టి చూడాలి. శారదాశ్రమ్ బడి తరఫున సచిన్, కాంబ్లీ 664 పరుగులు జోడించారు. డిక్లేర్ చేయమని గట్టు మీద నుంచి సహాయ కోచ్ ఎంత చేతులూపినా ఆ ఇద్దరూ అటు చూస్తే ఒట్టు. చివరికి విరామంలో ఫోనులో వాళ్ల కోచ్ ఆచ్రేకర్ సార్ దొరికారు. 349 మీద ఉన్న కాంబ్లీ ఒక్క పరుగు కోసం బతిమాలినా ఆయన వినలేదు. డిక్లేర్ అంటే డిక్లేర్. ఆ 350 ఎక్కడా లేదు, స్కోరు పుస్తకంలో ఇప్పటికీ 349 నాటౌటే.

ఇంతవరకు చెప్పిందంతా విని బోన్ టెస్టుతో అన్నీ తేలిపోతాయనుకుంటే అదీ పొరపాటే. ఎముకల ఎదుగుదల తిండిని బట్టి, ఒంటి తత్వాన్ని బట్టి మారుతుంది. నిజంగా పద్నాలుగేళ్లున్నవాడి ఎముకలు ముందే పండిపోవచ్చు. ఎక్స్‌రే ఇచ్చేది అంచనా, పుట్టిన తేదీ కాదు. ఆరోపణ కూడా ఆయుధం కాగలదు. బ్యాడ్మింటన్ ఆటగాడు లక్ష్య సేన్ కుటుంబం మీద పుట్టిన తేదీ దిద్దారంటూ పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది. ఎదిగిన ప్రతి కుర్రాడినీ దొంగలా చూడటం మొదలుపెడితే అది ఇంకో రకం అన్యాయం.

తప్పు బయటపడినప్పుడు ఎవరిని నిలదీయాలో అమెరికా 2001లో నేర్చుకుంది. న్యూయార్క్ బ్రాంక్స్ జట్టుకు లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆడిన డానీ అల్మాంటే పన్నెండేళ్లవాడని కాగితం చెప్పింది. అతని బంతిని ఎవరూ తాకలేకపోయారు, వార్తల్లో హీరో అయ్యాడు. అసలు వయసు పద్నాలుగని తేలాక జట్టు గెలుపులన్నీ కొట్టేశారు. అయితే కుర్రాడికి ఈ గొడవలో పాత్ర లేదని అధికారులు తేల్చారు. జీవితకాల నిషేధం పడింది తండ్రి మీద, జట్టు స్థాపకుడి మీద.

మన దగ్గర వయసు తేల్చే పని ఇకపై సులువు కావాలి. సవరించిన జనన మరణాల నమోదు చట్టం 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడానికైనా, ఇంకెక్కడైనా జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. ఆ పిల్లలు అండర్-14 ఆడే రోజులకు హెడ్మాస్టారి కలానికి పని ఉండదు. అప్పటిదాకా మాత్రం బాధ్యత ఇళ్లదే. ఈ ఏడాది జోనల్స్ పోటీలకు మీ అబ్బాయి, అమ్మాయి పేరు ఇచ్చేటప్పుడు బడివాళ్లు నింపే అర్హత పత్రాన్ని ఒకసారి చేతికి అడిగి తీసుకోండి. పుట్టిన తేదీ గడిని మునిసిపాలిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌తో సరిపోల్చండి. రెండేళ్లు తగ్గిద్దామని ఎవరైనా సలహా ఇస్తే, పిల్లల ముందే వద్దనండి.